ఆర్‌సీ ఫార్ములా కార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

రేడియో రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ), చక్రాలు బయటికి కనిపించే ఫార్ములా మోడల్ కార్ల గురించి ఈ మధ్య ఉత్తరాలు బాగా పెరిగాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసినప్పటి నుంచి మా అబ్బాయికి ఈ పిచ్చి పట్టుకుంది. బొమ్మల దుకాణంలో దొరికే కారు కాకుండా నిజంగా రేసుకు పనికొచ్చేది కొనాలంటే ఏ సైజు చూడాలి? 180, 200 అని వెడల్పులు రాస్తున్నారు, అవేమిటి? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

పదో వంతు సైజు, అంటే 1:10 కారు తీసుకోండి. క్లబ్బు రేసులు ఎక్కువగా ఈ సైజులోనే జరుగుతాయి, టైర్లూ విడిభాగాలూ దీనికే దొరుకుతాయి. మోటారు వెనక ఉంటుంది, వెనక చక్రాలే లాగుతాయి, ముందు చక్రాలు తిరగడానికే. బ్రేకు కూడా వెనక చక్రాలకే. ఈ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకుంటే కింద రాసిన వాటిలో సగం వాటంతటవే అర్థమవుతాయి.

వెడల్పుల సంగతి అసలు ఎఫ్1 కార్ల నుంచి వచ్చింది. 1997 దాకా అసలు కారు వెడల్పు 2 మీటర్లు, 1998లో 1.8కి తగ్గించారు, 2017లో మళ్లీ 2 మీటర్లు చేశారు, 2026 నిబంధనల్లో 1.9. పదో వంతు లెక్క వేస్తే 200, 180, 190 మిల్లీమీటర్లు. మోడల్ కార్లు చేసే టామియా కంపెనీ వాళ్ల పాత ఎఫ్103 ఛాసిస్ (కారు అడుగు చట్రం) 200 మి.మీ., 2009లో వచ్చిన ఎఫ్104 ఛాసిస్ 180. కొనేముందు మీరు ఆడబోయే చోట ఏ వెడల్పు ఒప్పుకుంటారో, ఏ టైరు వాడమంటారో ఈ రెండూ కనుక్కోండి. కారు కొన్నాక కనుక్కుంటే డబ్బు రెండుసార్లు పోతుంది.

ఇక ఛాసిస్ రెండు రకాలు. ఒకదాంట్లో మోటారు, ఇరుసు ఉండే వెనక భాగాన్ని ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఉన్న ఫైబర్ పలక ముందు భాగంతో కలుపుతుంది. ఆ పలక వంగడమే సస్పెన్షన్. రెండోదాంట్లో పలక బదులు నడుమ ఒక బాల్ కీలు, పక్కన రెండు లింకు కడ్డీలు, స్ప్రింగులు ఉంటాయి. ఎక్స్‌రే కంపెనీ ఎక్స్1, టామియా టీఆర్ఎఫ్103 ఈ రెండో రకం. గతుకుల కాంక్రీటు మీద నేర్చుకునేవాళ్లకు టీ పలక కారే మేలు. భాగాలు తక్కువ, సరిచేయాల్సినవీ తక్కువే. కార్పెట్ ట్రాకు మీద పోటీ పడాలంటే లింకు కారుకే వెళ్లాలి.

ప్రశ్న: కిట్టు తెప్పించుకున్నాను. డబ్బాలో మోటారు, బ్యాటరీ లేవు. ఇంకా ఏమేం కొనాలి? ఎంత స్పీడు మోటారు పెట్టాలి? (విజయవాడ)

ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత (2.4 గిగాహెర్ట్జ్, పిస్టల్ ఆకారంలో చక్రం ఉన్నది), స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు), మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్, మోటారు, బ్యాటరీ, బ్యాలెన్స్ చార్జర్ (సెల్లులన్నిటినీ సమానంగా నింపేది). ఇవి కాక పాలీకార్బొనేట్ బాడీకి లోపలి వైపు నుంచి కొట్టే ప్రత్యేకమైన రంగు. మామూలు స్ప్రే పెయింటు కొడితే మొదటి దెబ్బకే పెచ్చులూడుతుంది. ముందు బాడీని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టి, ముదురు రంగులు ముందు, లేతవి తర్వాత కొట్టాలి. లోపలి నుంచి కొడతాం కాబట్టి మొదట పడిన పొరే బయటికి కనిపిస్తుంది.

మోటారు విషయంలో ఆశపడకండి. సెన్సార్ ఉన్న 21.5 టర్న్ (టర్న్ అంటే లోపలి తీగ చుట్టు) బ్రష్‌లెస్ మోటారు, స్పీడ్ కంట్రోలర్‌ను ‘బ్లింకీ’ మోడ్‌లో పెట్టి నడపండి. బ్లింకీ అంటే కంట్రోలర్ తన వైపు నుంచి మోటారుకు అదనపు టైమింగ్ ఏదీ కలపదు, ఆ సంగతి తెలిసేలా దాని లైటు ఆరుతూ వెలుగుతుంటుంది. యూరో టూరింగ్ సిరీస్ లాంటి పెద్ద పోటీల్లో ఫార్ములా క్లాసుకు వాడింది ఈ 21.5 మోటారే. టర్నుల సంఖ్య తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, 13.5 పెడితే ఇంకా దూసుకుపోతుంది. కానీ వెనక రెండు టైర్లే లాగే తేలికపాటి కారు అది. ఆ శక్తి నేల మీదికి దిగదు, టైర్లు తిరుగుతాయి, కారు బొంగరమవుతుంది. మోటారుకు పెట్టే డబ్బును రెండో జత టైర్లకు పెట్టండి, ల్యాప్ టైము అక్కడ తగ్గుతుంది.

బ్యాటరీ 7.4 వోల్టుల రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్), గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నదే తీసుకోండి. పొడవుదా పొట్టిదా అన్నది మీ ఛాసిస్‌లో ఉన్న చోటును బట్టి. కొలిచాకే కొనండి. పొడవు బ్యాటరీ దాదాపు 139 మి.మీ., పొట్టిది 96.

కారు నేల మీద పెట్టేముందు ఫెయిల్‌సేఫ్, అంటే రేడియో సంకేతం తెగితే కారు ఆగిపోయే ఏర్పాటు, సరిచూసుకోవడం మరవొద్దు. వెనక చక్రాలు పైకెత్తి, కొద్దిగా గ్యాస్ ఇస్తూ (యాక్సిలరేటర్ నొక్కుతూ) ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. చక్రాలు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ కారు బయటికి తీయొద్దు.

ప్రశ్న: మూల తిరిగి గ్యాస్ ఇవ్వగానే కారు గిర్రున తిరిగిపోతోంది. బ్రేకు కొట్టినా అంతే. కుడివైపు తిరిగినప్పుడు మరీ ఎక్కువ. ఏం చేయాలి? (విశాఖపట్నం)

ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. మీ ఉత్తరంలో రెండు జబ్బులు కలిసి ఉన్నాయి. రెండు వైపులా తిరిగిపోవడం ఒకటి, కుడివైపు ఎక్కువ కావడం ఇంకొకటి. విడివిడిగా చూద్దాం.

ముందు టైర్లు. వెనక టైరు మీద వేలు పెట్టి రుద్దండి. వేలికి బూడిద రంగు దుమ్ము అంటుకుంటే ఛాసిస్ జోలికి వెళ్లే పనే లేదు. ప్రతి పరుగు ముందూ తడిగుడ్డతో తుడిచి, ఆరాక దింపండి. టైరు రిమ్ము నుంచి ఊడిందేమో చూడండి. బొటనవేలితో టైరు అంచును పక్కకు నొక్కితే ఎక్కడో ఒకచోట నోరు తెరుచుకుంటుంది. గ్యాస్ ఇచ్చినప్పుడు రిమ్ము తిరుగుతుంది కానీ టైరు అక్కడ జారుతుంది. మళ్లీ అంటించేటప్పుడు రిమ్ము అంచును సన్నటి గరుకు కాగితంతో గీసి, టైరు లోపలి అంచును స్పిరిట్‌తో తుడిచి, పల్చటి సైనో గమ్ము (ఫెవిక్విక్ లాంటిది) చుట్టూ పాకనివ్వాలి. ఒక వైపు పూర్తిగా ఆరాకే రెండో వైపు. కొత్త టైరు లోపలి మైనపు జిడ్డు తుడవకుండా అంటిస్తే ఎంత గమ్ము పోసినా నిలవదు.

తర్వాత రేడియో. గ్యాస్‌కు ఎక్స్‌పో (ట్రిగ్గరు ఎంత నొక్కితే ఎంత స్పందన రావాలో మార్చే అమరిక) మొదటి సగం మెత్తబడేలా 20 నుంచి 30 శాతం పెట్టండి. ఇది కొన్ని రేడియోల్లో మైనస్ అంకె, కొన్నింట్లో ప్లస్. చక్రాలు పైకెత్తి చూసుకుంటే ఎటు వెళ్లాలో తెలుస్తుంది. బ్రేకు హద్దును 50 శాతానికి తగ్గించండి. బ్రేకు వెనక చక్రాలకే కాబట్టి, మూల మధ్యలో కొడితే వెనక భాగం ముందుకు రావడం ఖాయం. బ్రేకు ఎప్పుడైనా చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే. స్పీడ్ కంట్రోలర్‌లో ‘పంచ్’ (గ్యాస్ ఇవ్వగానే వచ్చే మొదటి ఊపు) అన్న అమరికను కింది మెట్టుకు దింపండి.

ఇక కుడివైపు జబ్బు. దీన్ని ‘ట్వీక్’ అంటారు, ఛాసిస్ మెలిపడటం. బ్యాటరీ, బాడీ అన్నీ పెట్టి కారును అద్దం పలక మీద ఉంచండి. ముందు భాగం సరిగ్గా మధ్యగీత కింద కత్తి మొన పెట్టి నెమ్మదిగా ఎత్తండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి గాల్లోకి లేవాలి. ఒకటి ముందు లేచి ఇంకోటి అద్దాన్ని పట్టుకునే ఉంటే, ముందు లేచిన వైపు బరువు తక్కువ పడుతోందన్నమాట. లింకు కారైతే పక్క స్ప్రింగుల మీది చిన్న అలెన్ స్క్రూలను పావు తిప్పు చొప్పున సరిచేస్తూ మళ్లీ మళ్లీ ఎత్తి చూడండి. టీ పలక కారైతే పలకను స్క్రూ రంధ్రాల దగ్గర వెలుతురులో చూడండి. రంధ్రం అంచు నుంచి వెంట్రుక మందాన తెల్లటి గీత పాకి ఉంటే పలక చిట్లింది. దాన్ని ఏ స్క్రూతోనూ సరిచేయలేం, మార్చాల్సిందే. ఐదారు బ్యాటరీలకోసారి ఈ గీత కోసం వెతకడం అలవాటు చేసుకోండి. బ్యాటరీ ఒక పక్కకు జరిగినా ఇదే జబ్బు కనిపిస్తుంది, ముందది చూసుకోండి.

ఇన్ని చేశాకా తిరిగిపోతుంటే డిఫరెన్షియల్ (మూలల్లో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం, పొట్టిగా డిఫ్) వైపు చూడాలి, అది తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: గ్యాస్ ఇచ్చినప్పుడు వెనకనుంచి కిర్రుమని చప్పుడొస్తోంది. బాల్ డిఫ్ అని చెప్పారు. ఎలా విప్పి కట్టాలి? (వరంగల్)

ఆ చప్పుడు జారుతున్న డిఫ్‌దే. అలాగే నడిపితే బాల్స్ వేడెక్కి స్పర్ గేరు (వెనక ఇరుసు మీది పెద్ద పళ్ల చక్రం) ప్లాస్టిక్ కరుగుతుంది, కాబట్టి ఈరోజే విప్పండి. స్పర్ గేరు రంధ్రాల్లో కూర్చున్న చిన్న స్టీలు బాల్స్, వాటికి రెండు పక్కలా రింగులు, వాటిని నొక్కే నట్టు: బాల్ డిఫ్ అంటే ఇంతే. నొక్కుడు తగ్గితే జారుతుంది, ఎక్కువైతే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి మూలలో కారు మొండికేస్తుంది.

అన్నీ విప్పి మోటార్ క్లీనర్‌తోనో స్పిరిట్‌తోనో కడగండి. రింగు మీద బాల్స్ నడిచిన గాడి కనిపిస్తుంది. గోరు తగిలేంత లోతుంటే రింగును తిరగేసి రెండో ముఖం వాడండి. రెండు ముఖాలూ అయిపోతే కొత్తవి. తిరగేసిన ముఖాన్ని అద్దం మీద పరిచిన 600 నంబరు గరుకు కాగితంపై ఎనిమిది అంకె వేస్తున్నట్టు పదిసార్లు రుద్దండి. అద్దంలా మెరిసే రింగు మీద బాల్ జారుతుంది, కొద్దిగా గరుకుంటే పట్టు దొరుకుతుంది. బాల్స్‌కు సిలికాన్ డిఫ్ గ్రీజు మాత్రమే, అదీ ఒక్కో రంధ్రానికి ఆవగింజంత. నల్లటి మాలిబ్డినం గ్రీజు ఇక్కడ రాయకండి, అది పట్టు తగ్గించడానికే తయారైంది. థ్రస్ట్ బేరింగ్ ఉన్న డిఫ్ అయితే దానికి ఆ నల్ల గ్రీజు సరైనది. ఈ రెంటినీ తారుమారు చేయడం వల్లే చాలా డిఫ్‌లు పాడవుతాయి.

బిగించేటప్పుడు నట్టును ఎనిమిదో వంతు తిప్పుల్లో ముందుకు నడపండి, మధ్యమధ్య చక్రాలను ఎదురెదురుగా తిప్పుతూ బాల్స్‌ను సర్దుకోనివ్వండి. పరీక్ష ఇలా: రెండు వెనక చక్రాలనూ ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కుడిచేతి బొటనవేలితో స్పర్ గేరును తిప్పండి. మామూలు బలానికి కదలకూడదు. తర్వాత చక్రాలను వదిలి, స్పర్‌ను కదలకుండా పట్టుకుని ఒక చక్రం తిప్పితే రెండోది వెనక్కి మెత్తగా, చక్కెర నలిగినట్టు కరకరలాడకుండా తిరగాలి. మొదటి బ్యాటరీ సగం వేగంతో నడిపి మళ్లీ చూసుకోండి, కొత్త రింగులు సర్దుకున్నాక కొద్దిగా వదులవుతాయి.

ప్రశ్న: ఐదు నిమిషాలు నడిపేసరికి మోటారు ముట్టుకోలేనంత వేడి. పినియన్ మార్చమంటున్నారు, ఎన్ని పళ్లది? (గుంటూరు)

పినియన్ అంటే మోటారు ఇరుసు మీది చిన్న పళ్ల చక్రం. దాని పళ్ల లెక్క ఒక్కటే చెబితే లాభం లేదు, టైరు సైజు కూడా కలిపి చూడాలి. మోటారు ఒక్క చుట్టు తిరిగితే కారు ఎంత దూరం పోతుంది అన్నదే అసలు కొలత, దాన్ని రోల్‌అవుట్ అంటారు. టైరు చుట్టుకొలతను పినియన్ పళ్లతో గుణించి స్పర్ పళ్లతో భాగించండి. వెనక టైరు వ్యాసం 62 మి.మీ. అయితే చుట్టుకొలత 194.8. స్పర్ 64, పినియన్ 26 అనుకుంటే 194.8 × 26 ÷ 64 = 79.1 మి.మీ. పినియన్ ఒక్క పన్ను పెంచితే 82.2. అంటే పన్నుకు 3 మి.మీ. తేడా. ఎవరైనా గేరు చెబితే వాళ్ల టైరు వ్యాసం కూడా అడిగి ఈ అంకెలోకి మార్చుకుని పోల్చండి.

పరుగు ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు ఒంటి మీద చూడండి. 70 డిగ్రీల లోపు ఉంటే భయం లేదు. 80 దాటుతుంటే ఒక పన్ను తగ్గించి మళ్లీ చూడండి. అతిగా కాగిన రోటరు (మోటారు లోపల తిరిగే భాగం) అయస్కాంతం బలం కోల్పోతుంది, అది తిరిగి రాదు. మన మే నెల ఎండలో గాలే 42 డిగ్రీలుంటుంది కాబట్టి చలికాలంలో సరిపోయిన గేరు వేసవిలో సరిపోదు. మోటారు వెనక మూతపై టైమింగ్ గుర్తు ఎవరైనా ముందుకు జరిపి ఉంటే దాన్నీ వెనక్కి తెచ్చుకోండి. గేరు అస్సలు మార్చకుండానే వేడెక్కుతుంటే పళ్ల మధ్య ఖాళీ చూడండి. పినియన్‌కీ స్పర్‌కీ మధ్య నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి మోటారు స్క్రూలు బిగించి, కాగితం లాగేయండి. స్పర్‌ను వేలితో కదిపితే సన్నగా టిక్కుమనాలి.

ప్రశ్న: ఇక్కడ ఇండోర్ కార్పెట్ ట్రాకు మీద ఆడుతున్నాను. సాయంత్రం రేసుల నాటికి మూలల్లో కారు పల్టీ కొడుతోంది. పొద్దున బాగానే ఉంటుంది. ల్యాపులు లెక్కపెట్టడానికి కారులో పెట్టే ట్రాన్స్‌పాండర్ కూడా కొన్ని ల్యాపులు వదిలేస్తోంది. (డాలస్, అమెరికా)

కార్పెట్ మీద రబ్బరు, టైర్లకు రాసే ద్రావణం పేరుకుంటూ పోతే గంటగంటకూ పట్టు పెరుగుతుంది. ముందు టైరు బయటి అంచు కార్పెట్‌ను కొరికి కారును పైకి లేపుతుంది. ఆ అంచు గోడకు, నేలను తాకే చోటు దాకా, సైనో గమ్ము పల్చగా పూసి ఆరనివ్వండి. గట్టిపడిన అంచు కొరకదు, జారుతుంది. ద్రావణాన్ని ముందు టైరుకు లోపలి సగం వెడల్పుకే రాయండి. నేల నుంచి ఛాసిస్ ఎత్తు 4 మి.మీ. దగ్గర ఉంచండి, బ్యాటరీ పెట్టి కొలవాలి. ముందు స్ప్రింగు ఒక మెట్టు గట్టిది వేయండి. కింగ్‌పిన్నుకు (ముందు చక్రం తిరిగే నిలువు కడ్డీ) పలచటి నూనె వాడుతుంటే 30,000 సీఎస్‌టీ (నూనె చిక్కదనం కొలత) లాంటి చిక్కటి సిలికాన్ నూనెకు మారండి, కారు ఒక్కసారిగా పక్కకు వాలకుండా ఆపుతుంది. రేసు మధ్యలో ఇవేవీ చేయలేరు కాబట్టి అప్పటికి రేడియోలో స్టీరింగ్ డ్యుయల్ రేటు (ముందు చక్రాలు తిరిగే హద్దు) ఐదు శాతం తగ్గించుకోవడమే మార్గం.

ట్రాన్స్‌పాండర్ కార్బన్ పలక మీద కూర్చుని ఉంటుంది, చూడండి. ట్రాకు కింద పరిచిన తీగ వలయానికి దాని సంకేతం అందాలి, కార్బన్ ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. కింద రంధ్రం ఉన్నచోటికో, పలక అంచు అవతలికో మార్చండి.

ప్రశ్న: మా ఊళ్లో ట్రాకు లేదు. అపార్టుమెంటు స్టిల్ట్ పార్కింగులో నడపొచ్చా? (నెల్లూరు)

నునుపు చేసిన పార్కింగు నేల మీద రబ్బరు టైరుకు పట్టు దొరకదు, పైగా స్తంభాలు. అక్కడ కారు చేసేది జారడమే. బాస్కెట్‌బాల్ కోర్టు దొరుకుతుందేమో కాలేజీలో అడగండి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, ఫార్ములా కారుకు చక్కగా సరిపోతుంది. దారి వెడల్పు రెండున్నర మీటర్లకు తగ్గనివ్వకండి. తగ్గితే దాటడానికి చోటుండదు, గుద్దుకోవడమే. హద్దులకు ఇటుకలు, చెక్కలు వద్దు. పాత తోట పైపులో ఇసుక నింపి రెండు చివర్లూ కట్టేస్తే అది కదలదు, కారునూ విరవదు. నడిపేముందు గట్టి చీపురుతో ఊడ్చండి, ఒక్క ఇసుక పలుకు గేరులో పడితే స్పర్ పన్ను పోతుంది. గతుకుల కాంక్రీటు కాబట్టి ఛాసిస్ ఎత్తు ఐదారు మి.మీ.కు పెంచుకోండి. నడిపేవాళ్లంతా ఒకే వైపు, కొంచెం ఎత్తు మీద నిలబడాలి. కారు వెంట పరుగెత్తుతూ నడిపేవాళ్లకు లైను ఎప్పటికీ రాదు.

ప్రశ్న: లైపో బ్యాటరీ ఉబ్బింది. వాడొచ్చా? (తిరుపతి)

వద్దు. చార్జింగుకు కూడా పెట్టకండి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. ఇకపై 1సీ దగ్గరే చార్జ్ చేయండి, అంటే 4000 ఎంఏహెచ్ బ్యాటరీకి 4 ఆంపియర్లు, బ్యాలెన్స్ వైరు తగిలించే. పరుగు నుంచి వచ్చిన వేడి బ్యాటరీని చల్లారాకే పెట్టండి. స్పీడ్ కంట్రోలర్ కటాఫ్ సెల్లుకు 3.2 వోల్టులకు తగ్గకూడదు. వారం ఆడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. నిండా చార్జ్ చేసి బీరువాలో పెట్టేసిన బ్యాటరీలే ఉబ్బుతాయి, ఎండలో కారు డిక్కీలో వదిలేసినవి ఇంకా త్వరగా.

ప్రశ్న: విదేశాల నుంచి కిట్టు తెప్పిస్తే సుంకం ఎంత పడుతుంది? (బెంగళూరు)

బొమ్మల కింద లెక్కిస్తే ప్రాథమిక కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పన్నులు దానిపైన. అందుకే ధర చూసి మురిసిపోకుండా ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. కిట్టుతోపాటే విరిగే భాగాలు తెప్పించుకోవడం మంచిది: ముందు రెక్క రెండు, ముందు కింది ఆర్మ్‌ల జత, కింగ్‌పిన్నులు, ఈ-క్లిప్పులు ఒక పొట్లం, స్పర్ గేరు ఒకటి, టీ పలక కారైతే పలక రెండు. లైపోను మాత్రం ఇక్కడే కొనండి. విమానంలో ప్రమాదకర సరుకు కింద వస్తుంది, చాలామంది పంపరు.

ప్రశ్న: నలుగురం కలిసి ఆడితే ప్రతిసారీ నా ముందు రెక్కే విరుగుతోంది. టూరింగ్ కార్లతో ఇంత జరగదు. (కాకినాడ)

టూరింగ్ కారుకు బాడీ చక్రాలను కప్పుతుంది. రెండు కార్లు రాసుకుంటే బాడీలు రాసుకుని విడిపోతాయి. ఇక్కడ టైరుకు టైరు తగులుతుంది. మీ ముందు చక్రం ఎదుటి కారు వెనక చక్రాన్ని వెనకనుంచి ముట్టుకుంటే, ఆ తిరిగే టైరు మీ చక్రాన్ని పైకి విసురుతుంది. కారు లేచి రెక్క మీద పడుతుంది. కాబట్టి ఈ కార్లతో ముందువాడి వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం పూర్తిగా చేరకుండా మూలలోకి దూరొద్దు. దాటాల్సింది మూల మధ్యలో కాదు, మూల బయటికి వచ్చేటప్పుడు. అర కారు దూరం వెనక ఉండి, వాడికంటే ముందుగా, మెత్తగా గ్యాస్ ఇవ్వండి. వెనక టైరు జారని కారు తిన్నటి దారిలో తనంతట తానే పక్కకు వస్తుంది.

రెక్క స్క్రూలను మరీ బిగించకండి, దెబ్బ తగిలితే కొద్దిగా వంగేలా ఉండాలి. రెక్క కింద ముక్కు మొన దాకా పలచటి ఫైబర్ టేపు ఒక పొర అంటిస్తే చిట్లినా ఊడి ట్రాకు మీద పడదు, ఆ పరుగు పూర్తి చేయొచ్చు. మీ పరుగు అయ్యాక తర్వాతి పరుగుకు మార్షల్‌గా నిలబడే వంతు తప్పించుకోకండి. బోల్తాపడిన కారును ఎత్తేముందు వచ్చే కార్ల వైపు చూడాలి, దారి ఖాళీ అయ్యాకే, ముక్కు సరైన వైపుకు తిప్పి నేల మీద పెట్టాలి. ఎత్తిన చేత్తోనే ముందు చక్రాలు రెండూ పట్టుకుని కదిపి చూడండి. ఏదైనా వదులుగా వేలాడుతుంటే ఆ కారును పక్కన పెట్టేయండి, మళ్లీ వదిలితే అది ఇంకొకరి రెక్క విరుస్తుంది.